తొమ్మిది వోల్టుల నిశ్శబ్దం

గిటారుకీ యాంప్‌కీ మధ్య నేలమీద పడుండే ట్రాన్సిస్టర్ ఎఫెక్ట్స్ పెడల్ బ్యాటరీతోనే పుట్టింది. నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ ‘డోంట్ వరీ’ పాట రికార్డు చేస్తుండగా స్టూడియో మిక్సింగ్ కన్సోల్‌లో ఒక ట్రాన్స్‌ఫార్మర్ చెడింది. గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటారు బరబరలాడుతూ టేపు మీదికెక్కింది. తీసేయకుండా అలాగే ఉంచేశారు, 1961లో పాట హిట్టయింది. ఆ బరబరే మాకూ కావాలని మిగతావాళ్లు అడగడం మొదలుపెట్టేసరికి, ఇంజనీర్ గ్లెన్ స్నోడీ, రెవిస్ హాబ్స్‌తో కలిసి దాన్ని ట్రాన్సిస్టర్లతో మళ్లీ పుట్టించాడు. గిబ్సన్ కంపెనీ 1962లో దాన్ని మాస్ట్రో ఫజ్-టోన్ పేరుతో అమ్మకానికి పెట్టింది. మూడేళ్లకి రోలింగ్ స్టోన్స్ ‘శాటిస్‌ఫాక్షన్’లో అదే మోగింది. డబ్బా విప్పితే మూడు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, రెండు ఒకటిన్నర వోల్టుల సెల్స్. గోడదాకా వెళ్లే వైరన్నదే లేదు.

ఆ వైరు తర్వాత వచ్చి చేరింది. ఇప్పుడు పెడల్‌బోర్డ్, అంటే పెడల్స్‌ని వరసగా బిగించిన పలక, పెట్టుకున్నవాళ్లు మళ్లీ దాన్ని వదిలించుకోవాలని చూస్తున్నారు. ఫోనుకి పెట్టే పవర్ బ్యాంక్ చేతిలోనే ఉందిగా, అందులో బోలెడంత చార్జి ఉందిగా అని అందరికీ తడుతుంది. చార్జి మాట నిజమే. చిక్కు వేరేచోట ఉంది. పాత 9 వోల్టుల బ్యాటరీ, చార్జి ఇవ్వడంతో పాటు ఇంకొన్ని పనులు ఎవరూ అడక్కుండానే చేసిపెట్టేది. పవర్ బ్యాంక్ వాటిని తనంతట తాను చేయదు, మనమే చేయించుకోవాలి.

తొమ్మిది వోల్టులే ఎందుకన్నదానికి పెద్ద శాస్త్రీయ కారణమేమీ లేదు. ట్రాన్సిస్టర్ రేడియోల కోసం ఎవరెడీ కంపెనీ 1956లో ఆ చిన్న దీర్ఘచతురస్రపు బ్యాటరీని తెచ్చింది. లోపల ఆరు సెల్స్, ఒక్కోటి ఒకటిన్నర వోల్టులు. ఏ ఊళ్లోనైనా దొరికేది కాబట్టి పెడల్స్ తయారుచేసేవాళ్లు దాన్నే పట్టుకున్నారు. 1966లో వచ్చిన ఫజ్ ఫేస్ దాని మీదే నడిచింది, 1977 నుంచి బాస్ కంపెనీ తెస్తున్న చిన్న పెడల్స్ కూడా దాన్నే మింగాయి. అలవాటు ఎంత గట్టిపడిందంటే, బ్యాటరీ పెట్టే చోటే లేని నేటి డిజిటల్ పెడల్స్ కూడా అడిగేది 9 వోల్టులే.

మొదటి తరం పెడల్స్ తిండి చాలా తక్కువ. ఫజ్ ఫేస్‌లో రెండే ట్రాన్సిస్టర్లు. ఒకదాని కలెక్టర్ దగ్గర 33 కిలో ఓమ్‌ల రెసిస్టర్, రెండోదాని దగ్గర 8 కిలో ఓమ్‌ల పైచిలుకు. ఓమ్ సూత్రం వేసి చూస్తే మొత్తం కలిపి ఒక మిల్లీ యాంపియర్ కూడా దాటదు. 500 మిల్లీ యాంపియర్ గంటల ఆల్కలైన్ బ్యాటరీ అలాంటి పెడల్‌ని లెక్క ప్రకారం 500 గంటలకు పైగా నడపాలి. అలా నడవనిచ్చేవాళ్లం కాదు, అది వేరే సంగతి. చాలా పెడల్స్‌లో ఇన్‌పుట్ జాకే బ్యాటరీకి స్విచ్. గిటారు కేబుల్ గుచ్చగానే జాక్‌లోని మూడో కాంటాక్టు బ్యాటరీ మైనస్‌ని సర్క్యూట్‌కి కలుపుతుంది. కేబుల్ పీకకుండా పడుకుంటే, కాలితో పెడల్ ఆపేసినా సరే, బ్యాటరీ రాత్రంతా కరుగుతూనే ఉంటుంది.

ట్యూబ్ స్క్రీమర్ లాంటి, ఆప్-యాంప్ అనే సిగ్నల్ పెంచే చిప్ వాడే ఓవర్‌డ్రైవ్ పెడల్ అయిదారు మిల్లీ యాంపియర్లు తాగుతుంది. చిన్న డిజిటల్ డిలేలు అంతకు పదింతలు. స్ట్రైమాన్ బిగ్‌స్కై అనే రివర్బ్ పెడల్‌కి కనీసం 300 మిల్లీ యాంపియర్లు ఇమ్మని కంపెనీయే రాసిపెట్టింది. లోపల సిగ్నల్ ప్రాసెసర్ చిప్ ఒక కంప్యూటరే మరి. దానికి 9 వోల్టుల చిన్న బ్యాటరీ పెడితే, అంత ప్రవాహంలో గంట నిలబడినా గొప్పే. రీచార్జబుల్ బ్యాటరీ అవసరం పడింది ఇక్కడే.

ఇప్పుడు నిశ్శబ్దం సంగతి చూద్దాం. గిటారు పికప్ నుంచి వచ్చేది సుమారు 100 మిల్లీవోల్టుల సిగ్నల్. గట్టి ఫజ్ పెడల్ దాన్ని వెయ్యి రెట్ల దాకా పెంచుతుంది. పెంచాక పైనా కిందా కత్తిరించేస్తుంది, ఆ కత్తిరింపే మనం వినే ఫజ్. అంటే పవర్ లైనులోంచి ఒక మిల్లీవోల్టులో పదోవంతు అలజడి మొదటి స్టేజిలోకి దూరినా, రెండో వైపు అది 100 మిల్లీవోల్టులై, అంటే ఓ గిటారు సిగ్నల్ అంతై బయటికొస్తుంది. ఆప్-యాంప్ చిప్ పవర్ లైనులోని అలజడిని చాలావరకు లోపలికి రానివ్వదు. పాతకాలపు ట్రాన్సిస్టర్ స్టేజికి ఆ రక్షణ లేదు. కలెక్టర్ రెసిస్టర్ నేరుగా పవర్ లైనుకే వేలాడుతుంది, లైను ఊగితే సిగ్నలూ ఊగుతుంది.

గోడ కరెంటుతో నడిచే నాసిరకం అడాప్టర్‌లో ఈ ఊపు 100 హెర్ట్జ్. మన కరెంటు 50 హెర్ట్జ్, దాన్ని రెండువైపులా సరిచేసి డీసీగా మారిస్తే రెట్టింపవుతుంది. గిటారు లావు తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కితే వచ్చే జీ స్వరం 98 హెర్ట్జ్. మన దేశపు హమ్ దాదాపు జీలో పాడుతుందన్నమాట, కాస్త శ్రుతి ఎక్కువగా. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడి హమ్ 120, ఏ-షార్ప్‌కీ బీకీ మధ్య ఎక్కడో. బ్యాటరీకి ఈ పాట రాదు. రసాయన చర్య నెమ్మదిగా, ఒకే తీరున సాగుతుంది, డీసీలో అల ఉండదు.

పవర్ బ్యాంక్ కూడా బ్యాటరీయే కదా అంటే, సగమే నిజం. లోపలున్న లిథియం అయాన్ సెల్ బ్యాటరీ. 1991లో సోనీ మొదటిసారి మార్కెట్లోకి తెచ్చిన జాతి ఇదే, దీని వెనకున్న పరిశోధనకే 2019లో గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు నోబెల్ వచ్చింది. నిండా చార్జి అయినప్పుడు 4.2 వోల్టులు, మధ్యలో 3.7 ప్రాంతం, 3కి దగ్గరైతే ఖాళీ. ఆ సెల్ నేరుగా 9 వోల్టులు ఇవ్వలేదు. సెల్‌కీ పెడల్‌కీ మధ్య వోల్టేజి పెంచే సర్క్యూట్ ఒకటి ఉండి తీరాలి. దాన్ని బూస్ట్ కన్వర్టర్ అంటారు.

బూస్ట్ కన్వర్టర్‌లో ఒక కాయిల్, ఒక స్విచ్, ఒక డయోడ్, ఒక కెపాసిటర్. స్విచ్ వేయగానే కాయిల్‌లో ప్రవాహం పెరుగుతూ పోతుంది. ఠక్కున ఆపేస్తే, ఆ ప్రవాహాన్ని ఒక్కసారిగా ఆగనివ్వని కాయిల్ తన వోల్టేజిని పైకి లేపి డయోడ్ గుండా కెపాసిటర్‌లోకి తోస్తుంది. 5 వోల్టులను 9 చేయాలంటే ప్రతి విడతలో సుమారు 44 శాతం సేపు స్విచ్ వేసి ఉంచాలి, 3.7 నుంచయితే 59 శాతం. ఊళ్లో చేతి బోరింగు కొట్టి తొట్టి నింపుతున్నామనుకోండి. పైన ప్రతి దెబ్బకీ నీళ్లు గబుక్కున పడతాయి, అడుగున కుళాయిలోంచి మాత్రం ధార నిలకడగా వస్తుంది. కెపాసిటర్ చేసేది ఆ తొట్టి పనే. అయితే ఏ తొట్టిలోనైనా దెబ్బదెబ్బకీ నీటిమట్టం వెంట్రుకవాసి కదులుతుంది. పవర్ లైనులో ఆ కదలికకి రిపుల్ అని పేరు.

ఈ స్విచ్ సెకనుకి లక్షల సార్లు కొట్టుకుంటుంది. మనిషి చెవి వినగలిగేది 20,000 హెర్ట్జ్ దాకానే. మరి 5 లక్షల హెర్ట్జ్ అలజడి ఉంటే ఎవరికేం, లేకపోతే ఎవరికేం? ఆ ధీమాతోనే చవక కన్వర్టర్ కొన్నవాళ్ల యాంప్‌లోంచి సన్నని కూత మొదలవుతుంది. కారణాలు రెండున్నాయి.

మొదటిది కన్వర్టర్ పొదుపరితనం. పెడల్ తాగేది చాలా తక్కువైతే, ప్రతి విడతా స్విచ్ కొట్టడం దండగని చిప్ కొన్ని విడతలు వదిలేస్తుంది. ఫోన్ చార్జింగులో అది మంచి గుణమే. అయిదు మిల్లీ యాంపియర్ల పెడల్ దగ్గర మాత్రం దెబ్బల మధ్య ఎడం పెరిగి పెరిగి, లక్షల్లో ఉండాల్సిన తరచుదనం వేలల్లోకి, అంటే సరిగ్గా చెవి పరిధిలోకి జారుతుంది. పెడల్ ఎంత తక్కువ తాగితే కూత అంత స్పష్టంగా వినబడుతుంది. కొన్నవాడికి ఇది అన్యాయంగానే తోస్తుంది.

రెండోదానిలో ఏ ఒక్కరి తప్పూ ఉండదు. ఒక డిజిటల్ పెడల్ క్లాక్ పది లక్షల హెర్ట్జ్ దగ్గర, పక్కదాని క్లాక్ పది లక్షల మూడు వేల దగ్గర నడుస్తున్నాయనుకుందాం. విడివిడిగా రెండూ మూగవే. రెండూ ఒకే పవర్ లైనులోకి తమ అలజడి వదిలి, అది ఓ డిస్టార్షన్ పెడల్ దాకా పాకితే, వంకర తిప్పడమే వృత్తిగా ఉన్న ఆ సర్క్యూట్ రెండింటినీ కలిపి వాటి తేడాను పుట్టిస్తుంది. మూడు వేల హెర్ట్జ్, చెవి బాగా చురుగ్గా ఉండే చోటు. పెడల్‌బోర్డ్‌లో కొత్త పెడల్ చేర్చిన రోజే మొదలై, దాన్ని పీకేస్తే మాయమయ్యే ఈల చాలావరకు ఇదే. కొత్త పెడల్‌ని తిట్టి షాపుకి తిరిగిచ్చేసేవాళ్లుంటారు, పాపం.

రిపుల్‌ని వడకట్టడం కష్టమేమీ కాదు. పవర్ దారిలో 100 ఓమ్‌ల రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండుకి 100 మైక్రో ఫారడ్ కెపాసిటర్ పెడితే 16 హెర్ట్జ్‌కి పైనున్నదంతా క్రమంగా అణిగిపోతుంది. ఖర్చు పది రూపాయలు కూడా ఉండదు. అయిదు మిల్లీ యాంపియర్ల ఓవర్‌డ్రైవ్‌కి ఆ రెసిస్టర్ మింగేది అర వోల్టు, ఫరవాలేదు. అదే ఉపాయం 300 మిల్లీ యాంపియర్ల రివర్బ్‌కి వేస్తే లెక్క ప్రకారం 30 వోల్టులు పడిపోవాలి, ఉన్నవి తొమ్మిదే. అక్కడ రెసిస్టర్ బదులు కాయిల్ వాడాల్సిందే.

బ్యాటరీ చేసిన రెండో ఉపకారం ఏకాంతం. పెడల్ లోపల బ్యాటరీ ఉంటే దాని కరెంటు ఆ డబ్బా దాటి పోదు. పక్క పెడల్‌తో దానికున్న చుట్టరికం సిగ్నల్ కేబుల్ ఒక్కటే. అదే ఒక పవర్ బ్యాంక్‌కి కన్వర్టర్ తగిలించి, డైసీ చైన్ కేబుల్‌తో ఆరు పెడల్స్‌కి పంచితే, వాటి మైనస్‌లు ఆడియో కేబుల్ కవచం ద్వారా ఒకసారి, పవర్ వైరు ద్వారా మరోసారి కలుస్తాయి. డిజిటల్ పెడల్ విడిచిన ప్రవాహం తిరిగి వెళ్లడానికి రెండు దారులు దొరుకుతాయి, కొంత ఆడియో కవచం గుండా పోతుంది. కవచానికీ కొద్దో గొప్పో నిరోధం ఉంటుంది, ఆ కాస్త వోల్టేజీ సిగ్నల్‌లో కలిసిపోతుంది. గోడ కరెంటు లేకపోయినా రొద రావడానికి ఇది చాలు.

పాత ఫజ్ ఫేస్ లాంటి పీఎన్‌పీ జెర్మేనియం పెడల్‌తో వ్యవహారం రొదతో పోదు. దాంట్లో డబ్బాకి, అంటే గ్రౌండుకి, కలిపి ఉండేది బ్యాటరీ ప్లస్. మిగతా పెడల్స్‌లో మైనస్. రెంటినీ ఒకే డైసీ చైన్‌కి కడితే ప్లస్, మైనస్ ఆడియో కేబుల్ కవచం మీదుగా ముఖాముఖి కలుస్తాయి, అంటే షార్ట్ సర్క్యూట్. సొంత బ్యాటరీతో అదే పెడల్ నిక్షేపంగా పనిచేస్తుంది.

కాబట్టి పవర్ బ్యాంక్ తర్వాత పెట్టే డబ్బా ఒక్కో పెడల్‌కి ఒక్కో విడి దారి ఇవ్వాలి. నిజమైన విడి దారి అంటే మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉండి, శక్తి అయస్కాంత క్షేత్రం ద్వారానే దాటాలి, వైరు ద్వారా కాదు. మార్కెట్లో ‘ఐసొలేటెడ్’ అని అట్టపెట్టె మీద రాసున్నవన్నీ అలా ఉండవు. ఏ సాకెట్‌కి ఆ సాకెట్ షార్ట్ కాకుండా కాపాడే రక్షణ పెట్టి అదే ఐసొలేషన్ అని అమ్మేవీ ఉన్నాయి. తేల్చుకోవడం తేలిక. ఏ పెడలూ తగిలించకుండా, మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, ఒక సాకెట్ మైనస్‌కీ పక్క సాకెట్ మైనస్‌కీ ముళ్లు ఆనించండి. బీప్‌మంటే రెండూ లోపల కలిసే ఉన్నాయి.

పవర్ బ్యాంక్‌కి ఫోన్ తప్ప మరో లోకం తెలియదు. నాలుగు అనలాగ్ పెడల్స్ కలిపి 9 వోల్టుల దగ్గర 40 మిల్లీ యాంపియర్లు తాగితే, యూఎస్‌బీ 5 వోల్టుల వైపు అది 80 ప్రాంతం. ఫోన్ నిండిపోయిందనుకుని చాలా పవర్ బ్యాంకులు కాసేపటికి కట్టేస్తాయి. ఎక్కువ తాగే బోర్డు నడుస్తుంది, తక్కువ తాగేది ఆగిపోతుంది! ఇయర్‌ఫోన్లు, చేతి గడియారాల కోసం తక్కువ ప్రవాహపు మోడ్ పెట్టినవి కొన్నుంటాయి, కొనేటప్పుడు చూసుకోవాల్సింది దాన్నే. యూఎస్‌బీ పవర్ డెలివరీ ఉన్న బ్యాంకులని 9 వోల్టులే ఇమ్మని అడిగే చిన్న ట్రిగ్గర్ బోర్డులు దొరుకుతాయి. ఆ ప్రమాణంలో 5, 9, 15, 20 వోల్టుల మెట్లున్నాయి కాబట్టి మన తొమ్మిది అదృష్టవశాత్తు కుదిరింది. ఒక్కటే షరతు. వాయిస్తుండగా ఎవరైనా వచ్చి రెండో పోర్టుకి ఫోన్ తగిలిస్తే, బ్యాంక్ ఒప్పందాలన్నీ మొదట్నించీ మాట్లాడుకుంటుంది. ఆ క్షణంలో వోల్టేజి పడిపోయి డిజిటల్ పెడల్స్ రీస్టార్ట్ అవుతాయి, పాట మధ్యలో.

పవర్ బ్యాంక్ మీద రాసే అంకె కూడా పెడల్ భాషలో చదువుకోవాలి. 10,000 మిల్లీ యాంపియర్ గంటలన్నది లోపలి సెల్ దగ్గర, 3.7 వోల్టుల లెక్క. గుణిస్తే 37 వాట్ గంటలు. 9 వోల్టుల దగ్గర అది 4,100కి తగ్గుతుంది, కన్వర్టర్లలో వేడిగా పోయేది తీసేస్తే 3,500 మిగిలితే సంతోషం. అర యాంపియర్ తాగే ఓ మోస్తరు బోర్డుకి ఏడు గంటలు. ఏ కచేరీకైనా చాలు.

కన్వర్టరే లేకుండా చేయలేమా? చేయొచ్చు, నాకు ఎక్కువ ముచ్చటేసే దారి అదే. మూడు లిథియం అయాన్ సెల్స్ వరసగా కడితే 11 వోల్టులు, దాన్ని సాదా లీనియర్ రెగ్యులేటర్‌తో తొమ్మిదికి దింపొచ్చు. అందులో స్విచ్చే లేదు, కాబట్టి స్విచ్ రొదా లేదు. శక్తిలో అయిదోవంతు వేడిగా పోతుంది, పోనివ్వండి. ఇంకా సొగసైనది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్. ఒక్కోటి 3.2 వోల్టులు, మూడు కడితే 9.6, పైగా చార్జి దాదాపు అయిపోయేదాకా వోల్టేజి పెద్దగా జారదు. రెగ్యులేటర్ కూడా అక్కర్లేదనిపిస్తుంది. కానీ చార్జర్ నుంచి తీసిన కొత్తలో ఆ మూడూ కలిసి 10.8 వోల్టుల పైన ఉండొచ్చు. 1994లో వచ్చిన క్లాన్ సెంటార్, దాని బాటలో వచ్చిన ఎన్నో పెడల్స్, లోపల వోల్టేజిని రెట్టించుకోవడానికి మ్యాక్స్ 1044 అనే చిప్ వాడతాయి. ఆ చిప్ తట్టుకునే గరిష్ఠ పరిమితి 10.5 వోల్టులు. అంటే నిండా చార్జి చేసిన ప్యాక్ గుచ్చడమే ఆ పెడల్‌కి ప్రమాదం. దారిలో రెండు డయోడ్లు పెట్టి వోల్టు పైన దించేస్తే గండం గడుస్తుంది.

9 వోల్టుల ఆకారంలోనే వచ్చే రీచార్జబుల్స్ ఉన్నాయి. నికెల్ మెటల్ హైడ్రైడ్‌వి చాలావరకు ఏడు సెల్స్‌తో 8.4 వోల్టులు, 200 మిల్లీ యాంపియర్ గంటల ప్రాంతం, రొద సున్నా. ఫజ్‌కీ ఓవర్‌డ్రైవ్‌కీ ఇవే హాయి. యూఎస్‌బీతో చార్జి అయ్యే లిథియం రకాల్లో కొన్నింటి పొట్టలో బూస్ట్ కన్వర్టర్ దాగి ఉంటుంది, అట్ట మీద ఆ ముక్క రాయరు. పెడల్‌లో పెట్టి, గెయిన్ నిండా తిప్పి, తీగలు మూసి వింటే అదే చెబుతుంది.

బ్యాటరీ అరిగేకొద్దీ ఫజ్ తియ్యనవుతుందన్న నమ్మకం గిటారు వాయించేవాళ్లలో గట్టిగా ఉంది. టెక్సాస్ గిటారిస్టు ఎరిక్ జాన్సన్ బ్యాటరీ బ్రాండుల మధ్య కూడా తేడా వింటాడన్నది ప్రసిద్ధమే. అరిగిన బ్యాటరీ అంతర్నిరోధం పెరగడమే కారణమని తరచూ చెబుతారు. ఒక మిల్లీ యాంపియర్ కూడా తాగని పెడల్ దగ్గర, అంతర్నిరోధం 50 ఓమ్‌లకు పెరిగినా పడిపోయేది వోల్టులో ఇరవయ్యో వంతు. నన్నడిగితే అసలు మార్పు బ్యాటరీ వోల్టేజి తొమ్మిది నుంచి ఏడుకి, ఆరుకి జారడంలోనే ఉంది. ట్రాన్సిస్టర్ల బయాస్, అంటే సిగ్నల్ లేనప్పుడు అవి నిలిచే వోల్టేజి, కదులుతుంది, శిఖరాలు ముందే తెగుతాయి. కన్వర్టర్ మాత్రం చివరి క్షణం దాకా తొమ్మిదే ఇచ్చి, ఒక్కసారిగా చచ్చిపోతుంది. ఆ జారుడు కావాలనుకునేవాళ్ల కోసమే కొన్ని పవర్ సప్లైలకి ‘శాగ్’ నాబ్ పెడుతున్నారు.

కోస్తా ఊళ్ల చర్చి క్వైర్లలో, హైదరాబాదు పబ్బుల్లో, వినాయక చవితి మండపాల దగ్గర జెనరేటర్ మీద వాయించేవాళ్లకి ఒక హెచ్చరిక. పెడల్స్‌ని బ్యాటరీ మీద పెట్టాం కాబట్టి ఎర్తింగ్ లేని సాకెట్‌తో భయం లేదనుకోవద్దు. గిటారు తీగలు కేబుల్ కవచానికి, కవచం పెడల్స్ మీదుగా యాంప్ ఛాసీకి కలిసే ఉంటాయి. యాంప్‌కి ఎర్త్ లేకపోతే తీగలకీ లేనట్టే. 1972లో స్వాన్‌సీలో స్టోన్ ద క్రోస్ బ్యాండు గిటారిస్టు లెస్లీ హార్వీ ఎర్త్ లేని మైకు పట్టుకుని స్టేజీ మీదే చనిపోయాడు. గిటారుని యాంప్ నుంచి నిజంగా విడదీసేది వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ ఒక్కటే, పవర్ బ్యాంక్ కాదు.

కచేరీ వేరే ఊళ్లో, విమాన ప్రయాణమైతే, పవర్ బ్యాంక్‌ని పెడల్‌బోర్డ్ అడుగునుంచి విప్పి చేతిసంచీలో పెట్టుకోవాలి. విడి లిథియం బ్యాటరీలని లగేజీలో వేయనివ్వరు. 100 వాట్ గంటల దాకా సాధారణంగా అనుమతి అడగక్కర్లేదు, అంటే 27,000 మిల్లీ యాంపియర్ గంటల దాకా. స్క్రూలతో బిగించిన బోర్డు అయితే స్క్రూడ్రైవర్‌ని ఇంటి దగ్గరే వాడేసి బయల్దేరడం మంచిది, భద్రతా తనిఖీ దగ్గర అది దాటకపోవచ్చు.